అక్కకి అర్థంకాని విమానం

అక్కకు,

తమ్ముడు నమస్కారాలతో రాస్తున్నాడు. నేను కులాసా. నువ్వూ, బావా, బావ మోకాలూ ముగ్గురూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను.

ఫోన్లో సంగతి చెప్పాను కదా. లైను గరగరలాడి తెగిపోయింది గానీ ముఖ్యమైన ముక్క నీ చెవిన పడే ఉంటుంది. అందుకే మళ్ళీ మొదటినుంచి రాయడం లేదు. అవునక్కా, దాన్ని ఇంటికి తెచ్చేసుకున్నాను! మా కట్టుడు పళ్ళ ల్యాబు నుంచి వచ్చే దారిలో ఒక దుకాణం ఉంది. వాన పడుతుంటే దాని ముందు నిలబడ్డాను. అద్దంలోంచి ఒక్కసారి చూశానంతే, కాళ్ళు కదల్లేదు. లోపలికి వెళ్ళాను, మాట్లాడాను, వాన తగ్గేలోగా తెచ్చేసుకున్నాను. ఎవరినీ సలహా అడగలేదు.

నీ మరదలు పోయాక ఈ మూడేళ్ళూ నేనెలా ఉన్నానో నీకు తెలుసు. పగలంతా ఎవరెవరి పళ్ళో చెయ్యడం, ఇంటికొచ్చి నాలుగు గోడలూ చూడటం. ఇప్పుడు అలా కాదు. సాయంత్రం ఎప్పుడవుతుందా, ఇంటికెప్పుడు పోదామా అని ఉంటోంది.

ముక్కు కొంచెం వంకరగా ఉంది. పళ్ళకి వాడే ఆకురాయితోనే మెల్లగా రుద్ది సరిచేశాను. ఒళ్ళంతా బూడిదరంగు పట్టించాను. ముందు అది పడితేనే పైన వేసే రంగు నిలుస్తుందట. ఆరేదాకా తాకకూడదన్నారు. ఆగలేక తాకాను. వీపు మీద నా వేళ్ళు అచ్చుపడ్డాయి. రెండు రోజులు అన్నం సయించలేదు.

బావకి నా నమస్కారాలు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. పడుకోబెట్టడానికి వేరే చోటు లేక నీ మరదలి అద్దం బల్ల మీదే పెట్టాను. నువ్వేమీ అనుకోవుగా?


ఒరేయ్ తమ్ముడూ,

ఆశీర్వాదాలు తర్వాత. ముందు ఇది చెప్పు. నీకు మతి ఉండే రాశావా?

ఫోన్లో నువ్వు "అభిమానంతో తెచ్చుకున్నాను" అన్నంతవరకు వినపడింది. కుక్కపిల్లనేమో అనుకున్నాను. కుక్కపిల్ల ముక్కుని ఎవరూ ఆకురాయితో రుద్దరు కదా. ఉత్తరం రెండుసార్లు చదివి, మీ బావ చేత పైకి చదివించుకుని, అప్పుడు కుర్చీలో కూలబడ్డాను.

ఇంట్లో ఒంటరిగా ఉన్నావు, తోడు కావాలనిపించింది. నేను కాదనే మనిషినా? నేనే ఎన్నిసార్లు చెప్పాను, నువ్వే చెవిన పెట్టలేదు. కానీ ఇదేం పద్ధతిరా? దుకాణం అద్దంలోంచి చూసి, వాన తగ్గేలోగా ఇంటికి తెచ్చేస్తావా? ఆ పిల్ల ఎవరు, వయసెంత, తల్లిదండ్రులెవరు, ఇదివరకు ఏం పని చేసేది? ఇవేమీ కనుక్కోకుండా?

పైగా వీపు మీద వేళ్ళు అచ్చుపడ్డాయని రాస్తావా! మన నాన్న కోపం వస్తే గిన్నె మీద గరిటె మోగించేవాడు తప్ప ఒక మనిషి మీద చెయ్యెత్తలేదు. నీకెక్కణ్ణుంచి వచ్చింది ఈ బుద్ధి? ఆ పిల్లకి మంచం ఇవ్వకుండా అద్దం బల్ల మీద పడుకోబెడతావా?

ఇంకో మాట. "అది", "దాన్ని" అని రాయడం ఏమిటి? ఇంటికొచ్చిన మనిషిని అలా అనే అలవాటు మన ఇంట్లో ఏనాడూ లేదు. మర్యాదగా రాయి.

కోపంతోనే అయినా, నీ మేలు కోరే
అక్క

తా.క. అందంగా ఉంటుందా అని మీ బావ అడగమన్నారు. ఆయన అడిగారు కాబట్టి రాశాను. నాకు అక్కర్లేదు. వెంటనే జవాబు రాయి.


అక్కకు,

నమస్కారాలు. నీ ఉత్తరం చదివి పడీపడీ నవ్వాను. ల్యాబులో పక్కవాడికి చదివి వినిపిస్తే వాడి చేతిలోని మైనం పళ్ళు కింద పడ్డాయి. నీకింత హాస్యం ఉందని ఇన్నేళ్ళూ తెలియదు సుమా! మనిషిలా మర్యాద ఇవ్వమన్నావు, బాగుంది, అలాగే కానీ. ఇకనుంచి "ఆవిడ" అనే రాస్తాను.

ఆవిడ వయసు అడిగావు. బావ కంటే పెద్దది. తల్లిదండ్రులెవరంటే ఏం చెప్పను, ఫ్యాక్టరీలో పుట్టింది. యుద్ధంలో పనిచేసింది. ఒకసారి సముద్రంలో పడితే బయటికి లాగారట. అందం సంగతి బావతో చెప్పు: పక్కనుంచి చూస్తే మతి పోతుంది. ఎదురుగా చూస్తే కాస్త దోమలా ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మొన్న పొట్టంతా లేత నీలం చేశాను. ఆదివారం వీపు మీద మచ్చలు మొదలుపెట్టాను, ఆకుపచ్చ ఒకటి, మట్టిరంగు ఒకటి. మచ్చ అంచు కత్తితో కోసినట్టు ఉండకూడదు, పొగలా పక్క రంగులోకి కలిసిపోవాలి. దీనికి కుంచె పనికిరాదు, గన్ను వాడాలి. గన్ను పట్టుకుని ఆవిడకి బెత్తెడు దూరంలో ఉండాలి. మరీ దగ్గరికి వెళ్ళి కొడితే కారిపోతుంది. దూరం నుంచి కొడితే ఒళ్ళంతా గరుకు తేలుతుంది.

ఇదంతా నాకు నేర్పింది దుకాణం ఆవిడ. ఇదివరకు ఊళ్ళో బోర్డులు రాసేదట. ఆవిడ చేతిలో గన్ను ఉంటే గీత వణకదు. "ముందు గాలి వదలండి పళ్ళ మాస్టారూ, తర్వాత రంగు. ఆపేటప్పుడు ముందు రంగు ఆపాలి, తర్వాత గాలి" అని నా వేలు మీద వేలు పెట్టి చూపించింది. నన్ను పళ్ళ మాస్టారూ అంటుంది. ఎందుకో బాగుంది.

సెలవు.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. నిన్న గొంతులో రంగు గడ్డకట్టి ఊపిరి ఆడలేదు. లోపల ఉన్న సూది బయటికి లాగి, గుక్కెడు థిన్నర్ పోసి గుడగుడలాడించాను. వెంటనే తేరుకుంది. ఇకనుంచి రోజూ అలా చెయ్యాలట.


తమ్ముడూ,

పొయ్యి మీద పాలు వదిలేసి రాస్తున్నాను, అక్షరాలు వంకరగా వస్తే సర్దుకో.

నేను ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయిన దాన్ని. పొట్ట నీలమెక్కిందంటే ఏమిటో, ఒంటి మీద పచ్చ మచ్చలు లేస్తున్నాయంటే ఏమిటో నువ్వు నాకు చెప్పక్కర్లేదు. అందులోనూ మీ బావ కంటే పెద్దావిడ! యుద్ధంలో పనిచేసి, సముద్రంలో పడి బతికి బయటపడిన మనిషిని తీసుకొచ్చి గన్ను చూపిస్తావా? ఊపిరాడకపోతే థిన్నర్ పోస్తావా? ఆవిడ తేరుకుందంటే అది ఆవిడ గట్టితనం, నీ వైద్యం కాదు.

నిజం చెప్పనా, రాత్రి పడుకుంటే ఆవిడే కళ్ళముందు మెదిలింది. పాపం, దోమలా ఉంటుందని రాశావు. ఎన్నాళ్ళనుంచి తిండి లేదో!

మధ్యలో ఆ దుకాణం ఆవిడెవరు? ఒకావిడకి ఒంట్లో బాగాలేదంటే ఇంకో ఆవిడతో వేలు మీద వేలు పెట్టించుకుంటావా? నాకు ఏమీ అర్థం కావడం లేదు, అర్థమైనంతవరకు నచ్చలేదు.

మీ బావ చేతికే ఈ ఉత్తరం ఇచ్చి పంపిస్తున్నాను. వెంట థర్మామీటరు, వేడినీళ్ళ సంచి, దూదీ, గుడ్డ కట్లూ ఇచ్చాను. ఆయన చూసి చెప్పేదాకా ఆవిడకి గోరువెచ్చని నీళ్ళు తప్ప ఇంకేమీ పట్టించకు.

నీ అక్క

తా.క. పక్క వీధిలో పెళ్ళికి రమ్మంటే మోకాలు నొప్పన్న మనిషి, ఈ మాట చెప్పగానే పెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఆయన్ని కూడా ఓ కంట కనిపెట్టు.


అక్కకు,

నమస్కారాలు కాదు, సాష్టాంగం. ఎంత పొరపాటు జరిగిందక్కా!

నిన్న సాయంత్రం బావ వచ్చాడు. నేను తలుపు తియ్యగానే గొంతు తగ్గించి "ఎలా ఉందిరా?" అన్నాడు. "ఇంకా ఆరలేదు బావా" అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. చెప్పులు విప్పి, థర్మామీటరు దులిపి, మునివేళ్ళ మీద నడుచుకుంటూ పడకగదిలోకి వెళ్ళాడు. మంచం ఖాళీ. మంచం కింద చూశాడు. బీరువా తలుపు కొట్టి, "అమ్మా, భయపడకండి, నేను వీడి బావని" అన్నాడు. అప్పుడు నీ ఉత్తరం తీసి చూపించాడు. మళ్ళీ మళ్ళీ చదువుకుని ఇద్దరం నేలమీద కూర్చుండిపోయాం. నేను సిగ్గుతో, ఆయన నవ్వుతో.

అక్కా, జాగ్రత్తగా చదువు. అది విమానం. వి-మా-నం. నిజం విమానం కూడా కాదు, ప్లాస్టిక్ బొమ్మ. నేను రాసిన వయసూ, యుద్ధమూ, సముద్రమూ అసలు విమానం సంగతులు. పెట్టెలో ముక్కలుగా వస్తుంది, అతికించుకోవాలి. రెండు అరచేతులు కలిపితే పడుతుంది. మచ్చలు రోగం కాదు, రంగు. పైనుంచి చూస్తే అడవిలో, పొలంలో కలిసిపోయి శత్రువుకి కనపడకూడదని యుద్ధవిమానాలకి అలా వేసేవారు. కింద నీలం వేస్తే ఆకాశంలో కలిసిపోతుంది. గన్నంటే రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్, పెన్నంత ఉంటుంది. గొంతూ, లోపలి సూదీ కూడా దానివే, రోజూ థిన్నర్‌తో కడగాలి. ఇంట్లో ఏ ఆడమనిషీ లేదు. ఎవరినీ కొట్టలేదు.

రేపు బావని తిరుగు బండి ఎక్కిస్తాను. కొంచెం ఆలస్యం కావచ్చు. ప్లాస్టిక్ చెంచా మీద ఒకసారి కొట్టి చూస్తానని ఎయిర్‌బ్రష్ అందుకున్నాడు. తిరగేసి పట్టుకున్నాడు. మీసంలో సగం ఆకుపచ్చగా ఉంది, మెల్లగా పోతుందని దుకాణం ఆవిడ అంది.

నీ మూర్ఖపు తమ్ముడు

తా.క. (ఇది నేను, మీ ఆయన్ని.) నిజంగానే చాలా అందంగా ఉంది. నేను ఇంకో వారం ఉంటాను. మోకాలు ఇక్కడి గాలికి బాగా వంగుతోంది.


తమ్ముడూ,

ఆశీర్వాదాలు. ఇప్పటికి విషయం అర్థమైంది. ముందే చెబితే ఇంత గొడవ ఉండేది కాదు కదా!

ఆవిడ విమానంలో పనిచేసేదన్నమాట. గౌరవమైన ఉద్యోగమే. యుద్ధంలో కూడా నడిపిందంటే ఎంత ధైర్యవంతురాలో. ప్లాస్టిక్ అని రాశావు. ఆ ముక్కు వంకర నువ్వు రుద్దితే సరికాలేదని ప్లాస్టిక్ సర్జరీ చేయించావా? ఆ వయసులో అవసరమా? మనిషి గుణం చూడాలి గానీ ముక్కు చూస్తారట్రా!

మీ బావ ఫోన్ చేశారు. ఒకటే గరగర. "రెక్కలు" అన్నట్టు వినపడింది. మీ ఊరి గాలికి ఆయనకేదో అయింది, సరే పోనీ.

నా కోపం పోయింది. రెండు రోజులు ఆలోచించాను. నువ్వు సంతోషంగా ఉంటే వయసుతో నాకేం పని? కాకపోతే ఒక అక్కగా నాలుగు మాటలు అడుగుతాను, చెప్పు. నీతో మాట్లాడుతుందా? నువ్వు పైపన్నూ కిందిపన్నూ కలిసే తీరు గురించి గంటసేపు చెబుతుంటే ఆవలించకుండా వింటుందా? నవ్వుతుందా? నువ్వు తప్పు చేస్తే మొహం మీద చెబుతుందా?

ఆ దుకాణానికి మాత్రం ఇక పోకు. ఇంట్లో ఒకావిడని పెట్టుకుని రోజూ ఇంకొకావిడ దగ్గరికి వెళ్ళడం ధర్మం కాదు. అసలు అక్కడ నీకు ఏం పని? వివరంగా రాయి.

నీ అక్క

తా.క. వాళ్ళవైపు వాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఫ్యాక్టరీలో పుట్టిందన్నావు, తోబుట్టువులు చాలామందే ఉండాలి.


అక్కకు,

నమస్కారం. నీకెలా చెప్పాలో తెలియక ఈ కాగితం వెనక బొమ్మ గీశాను. బాణం గుర్తు పెట్టినవి రెక్కలు. వెనక ఉన్నది తోక. మనుషులకి ఇవి ఉండవు. దయచేసి బొమ్మ చూశాక మిగతాది చదువు.

దుకాణంలో ఏం పని అని అడిగావు. నీకు సమాధానం చెప్పుకోవలసిన బాధ్యత ఉంది కాబట్టి రాస్తున్నాను, వేరే ఉద్దేశం లేదు. మొదట్లో రంగు సీసా కోసం వెళ్ళేవాణ్ణి. తర్వాత మూతలు సరిగా లేవని వెళ్ళాను. మూతలు సరిగానే ఉన్నాయి. దుకాణం వెనక చిన్న గది, కిటికీ కింద బల్ల, బల్ల నిండా గాజుసీసాలు. కస్టమర్లు లేనప్పుడు ఆవిడ అక్కడ కూర్చుని వేలెడంత బొమ్మ మనుషులకి కనుగుడ్లు దిద్దుతుంది. నేను పక్కన ముక్కాలి పీట మీద కూర్చుంటాను. పళ్ళ గురించి చెబుతాను. ఆవలించదు. పైగా "మరి నమలడానికి అడ్డురాదా?" అని అడుగుతుంది. అలా ఇంతవరకు ఎవరూ అడగలేదు.

పోయిన బుధవారం పెద్ద అనర్థం జరిగింది. మట్టిరంగు మచ్చ చివరిది మిగిలింది. రంగు పాలంత పలుచగా కలపాలి, నేను తొందరలో నీళ్ళలా చేశాను, గాలి ఎక్కువ పెట్టాను. మీట నొక్కగానే రంగు సాలీడు కాళ్ళలా అన్నివైపులా పాకిపోయింది. రెక్క మొత్తం పాడు. నెలరోజుల పని. కిటికీలోంచి విసిరేద్దామని చెయ్యి ఎత్తాను కూడా. బావ ఆపి, పరుగున వెళ్ళి ఆవిడని పిలుచుకొచ్చాడు.

ఆవిడ రెక్కని వెలుతురుకి తిప్పి చూసి, "తప్పు మీదే, రంగుది కాదు" అంది. ఎండనివ్వమంది, తడి సన్న గరుకుకాగితంతో ఎలా రుద్దాలో చూపించింది. రుద్దుతూ ఉండగా అద్దం బల్ల చూసి "ఇది ఎవరిదండీ?" అని అడిగింది. చెప్పాను. అక్కా, నీ మరదలి గురించి నేను మూడేళ్ళుగా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ రోజు రెక్క రుద్దుతూ రుద్దుతూ అంతా చెప్పాను. ఆమె దువ్వెనలు ఎక్కడ పెట్టేదో కూడా చెప్పాను.

ఆవిడ వెళ్ళేముందు అంది, "ఈ మచ్చల పని విమానాన్ని దాచడం ఒక్కటే కాదు పళ్ళ మాస్టారూ. చూసేవాడి కన్ను ఒక్కచోట నిలవకుండా చెయ్యడం. మొత్తం ఆకారం ఏమిటో తెలియకూడదు." ఎవరైనా ఎలా ఉన్నారని అడిగితే కులాసా అని రాస్తాను చూడు, అది గుర్తొచ్చింది.

ఏదో రాయబోయి ఎక్కడికో వెళ్ళాను. చెప్పొచ్చేదేమిటంటే, అది విమానం.

ఇట్లు,
తమ్ముడు

తా.క. రేపు బావ బయలుదేరుతున్నాడు. మీసం మామూలైంది. చెవి వెనక కొంచెం మట్టిరంగు ఉంటుంది, కంగారుపడకు.


చిరంజీవి తమ్ముడికి,

ఆశీర్వాదాలు. బొమ్మ అందింది. పాపం, మనిషి చేతులు రెండూ బారచాపుకుని నిలబడింది, ఎవరినో కావలించుకోబోతున్నట్టు ఉంది. మంచి మనసున్న మనిషని మొహంలోనే తెలుస్తోంది. భూతద్దం పెట్టుకుని చూసినా కాళ్ళు మాత్రం కనపడలేదు. చక్రాల కుర్చీనా? ముందే చెప్పొద్దూ!

ఎవరెవరివో దువ్వెనల గురించి ఏడుస్తూ రాశావు, అది చదివి నేనూ ఏడ్చాను. మిగతాది నాకు సరిగా అర్థం కాలేదు. నీతో ఎవరు మాట్లాడారు, ఎవరు విన్నారు, ఎవరు తప్పని చెప్పారు, అన్నీ కలగాపులగంగా ఉన్నాయి. ఏ ఆవిడైతేనేం, నిన్ను మాట్లాడించిన మనిషిని నేను చూడాలి.

వచ్చే ఆదివారం వస్తున్నాను. నేనొక్కదాన్నే కాదు. పిన్నికి, బాబాయికి, ముగ్గురు మేనత్తలకి చెప్పాను. అందరూ వస్తామన్నారు. బాబాయి కొత్త చొక్కా కుట్టించుకుంటున్నాడు. ఆవిడ మా ఎదురుగా వచ్చి కూర్చుని మాట్లాడాలి. నువ్వు ఒక్కడివీ నిలబడి విమానం, విమానం అంటే ఊరుకునేది లేదు.

ఆదివారం కలుద్దాం.

నీ అక్క

తా.క. చిన్న మేనత్తకి చెవుడని నీకు తెలుసు. ఆవిడకి అప్పుడే నీ పెళ్ళయిపోయినట్టు అర్థమైంది. వీధి వీధంతా చెప్పేసింది. నేనేం చెయ్యను!


అక్కకు,

నమస్కారాలు. ఈ ఉత్తరం నువ్వు బయలుదేరేలోగా అందాలని కోరుకుంటున్నాను.

నీ ఉత్తరం చూశాను. ముగ్గురు మేనత్తలు! ఎటూ తోచక నీ ఉత్తరాలన్నీ పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. రంగుసీసాలు పక్కకి జరిపి బల్ల మీద పరిచాను. ఆవిడ ఒక్కొక్కటే చదివింది. ప్లాస్టిక్ సర్జరీ దగ్గర పెదవి కొరుక్కుంది. చక్రాల కుర్చీ దగ్గర ఇక ఆగలేక బల్ల మీద తల ఆనించి నవ్వింది, కళ్ళవెంట నీళ్ళు కారేలా.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడేం చేస్తారు?" అంది.

"మా అక్కకి ఎంత చెప్పినా అర్థం కావడం లేదండీ. అందరినీ వెంటేసుకుని వస్తోంది. ఆ గదిలో విమానం ఒక్కటే కనపడితే మా బాబాయి కొత్త చొక్కాతో సహా పడిపోతాడు."

"అయితే?"

నేను ఒక సీసా మూత తీశాను, పెట్టాను. మళ్ళీ తీశాను.

"అయితే... మీరు వచ్చి కూర్చుంటారేమోనని."

"కూర్చోవడానికేం. ఎంతసేపు కూర్చోవాలి?"

అక్కా, నోట్లో కట్టుడు పళ్ళు పట్టేసినట్టయింది. ఎప్పుడూ ఒక మాటకి ముందు పది మాటలు అనుకునేవాణ్ణి. ఆ క్షణంలో ఏమీ అనుకోలేదు.

"లేవకపోయినా ఫర్వాలేదండీ" అన్నాను.

ఆవిడ నా చేతిలోంచి సీసా తీసుకుని మూత బిగించింది. "రంగు ఆరిపోతుంది" అంది. ఆ తర్వాత, "ఆదివారం దుకాణం సెలవే" అంది. ఆ తర్వాత నేను ఇంటికెలా వచ్చానో గుర్తులేదు. వచ్చేసరికి గొడుగు చేతిలో ఉంది, వాన లేదు, గొడుగు తెరిచి ఉంది.

కాబట్టి రా అక్కా. అందరినీ తీసుకునిరా. బల్ల మీద విమానం ఉంటుంది, రెక్క బాగైంది. పక్కన మనిషి కూడా ఉంటుంది. ఈసారి నిజంగానే మనిషి. నువ్వు అపార్థం చేసుకోకపోతే నేను ఈ జన్మకి అడిగేవాణ్ణి కాదు. నీ మట్టిబుర్రకి ఎలా రుణం తీర్చుకోను?

నీ తమ్ముడు

తా.క. చిన్న మేనత్త వీధంతా చెప్పింది అబద్ధం కాదని ఆవిడకి గట్టిగా అరిచి చెప్పు.


నా బంగారు తమ్ముడికి,

మనసారా ఆశీర్వాదాలు. ఇద్దరికీ.

మట్టిబుర్ర అన్నావు, ఆ లెక్క ఆదివారం తేలుద్దాం. ముందు కూర్చుని చదువు.

మొదటి రెండు ఉత్తరాల్లో నేను నిజంగానే మోసపోయాను, ఒప్పుకుంటాను. ఆ ముసలావిడ గురించి నిజంగానే రాత్రి నిద్రపోలేదు. కానీ మీ బావ ఫోన్ చేసినప్పుడు గరగర లేదు, ఏమీ లేదు. పక్కన నిలబడి మాట్లాడినట్టు వినపడింది. "అది ప్లాస్టిక్ విమానమే. దాని గోల వదిలెయ్. వీడు నాలుగు సీసాల రంగుకి పదిసార్లు దుకాణానికి పోతున్నాడు. ఆవిడ వీడు వచ్చే వేళకి రెండో ముక్కాలి పీట తుడిచి పెడుతోంది. ఇద్దరూ పళ్ళ గురించి మాట్లాడుకుంటున్నారు. పళ్ళ గురించే!" అన్నారు. ఆయన ఫోన్ చేసింది ఎక్కణ్ణుంచనుకున్నావు? ఆ దుకాణంలోంచే. నువ్వు ల్యాబులో ఉన్నావు. "ఇదిగో, ఆవిడతోనే మాట్లాడు" అని ఫోన్ చేతికిచ్చేశారు.

మాట్లాడాం. మొదటి రోజు ఎయిర్‌బ్రష్ గురించి. రెండో రోజు నీ గురించి. నేను ఉన్నమాట అడిగేశాను. ఆవిడ "నాకు ఇష్టమేనండీ. కానీ ఆయన నోటితో ఆయనే అడగాలి. ఎవరో తోస్తే అడిగినట్టు ఉంటే నేను నవ్వేసి దుకాణం కట్టేసి ఇంటికి పోతాను" అంది. అప్పుడే నాకు నచ్చేసింది.

నువ్వు తిన్నగా అడిగితే జవాబు చెప్పే రకం కాదు. పెళ్ళి మాట ఎత్తితే పళ్ళ మాట ఎత్తుతావు. అందుకే నాకు ఏమీ అర్థం కానట్టు రాస్తూ వచ్చాను. నాకు విమానం గురించి చెప్పబోయి నువ్వు ఆవిడ గురించి చెబుతావని తెలుసు. చెప్పావు.

ఉత్తరాలు చదివి ఆవిడ నవ్విందని రాశావు. నవ్వదూ మరి! ప్లాస్టిక్ సర్జరీ మాట నాకెక్కడ తోచింది? అది ఆవిడ చెప్పిందే. చక్రాల కుర్చీ మాత్రం నాది. అది ముందు ఆవిడకి చెప్పలేదు, అందుకే అక్కడ అంతగా నవ్వి ఉంటుంది. పిన్నికి, బాబాయికి, మేనత్తలకి ఎవ్వరికీ నేను ఏమీ చెప్పలేదు. బాబాయి కొత్త చొక్కా కుట్టించుకోలేదు. ఆదివారం నేనూ మీ బావా, ఇద్దరమే వస్తాం. భయపడకు.

కోపం వచ్చిందా? రానీ. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో. ఏ ఉత్తరంలో ఏం రాయాలో ఆవిడా నేనూ అనుకున్నాం. ముక్కాలి పీట సంగతి, సీసాల సంగతి మీ బావ కనిపెట్టి చెప్పారు. "లేవకపోయినా ఫర్వాలేదండీ" అన్న మాట మాత్రం మాలో ఎవరికీ తోచలేదు. ఆవిడ ఆ రాత్రే ఫోన్ చేసింది. ఆ మాట నాకు రెండుసార్లు చెప్పింది. రెండోసారి చెప్పేటప్పుడు గొంతు సరిగా రాలేదు, లైను మాత్రం బాగానే ఉంది.

అది నువ్వే అన్నావురా. మేమెవ్వరం రాసివ్వలేదు.

ప్రేమతో,
నీ అక్క

తా.క. మీ బావ ఇంటికి వస్తూ ఒక పెద్ద పెట్టె, ఒక ఎయిర్‌బ్రష్ తెచ్చారు. పెట్టెలో ఓడ. బల్ల మీద పట్టడం లేదు, మంచం ఖాళీ చెయ్యమంటున్నారు. నిన్న ఆయన నిద్రపోతుంటే నేనూ ఒక చెంచా మీద కొట్టి చూశాను. ఎవరితోనూ అనకు. కానీ రంగు కారిపోకుండా ఉండాలంటే ఎంత దూరం నుంచి కొట్టాలో ఆవిణ్ణి అడిగి రాయి.